ఎనిమిది వందల సీసీ

మంగయ్య బండి పేరు అడగడు. రంగు అడగడు. సీసీ ఎంత అని అడుగుతాడు.

రెండేళ్ల కిందటి దాకా ఆయనకు ఆ మాటతో పని లేదు. మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనిలో ఇరవై ఎనిమిదేళ్లు పంపు ఆపరేటర్‌గా చేసి దిగిపోయాడు. దిగిపోయిన నెలలోనే కొడుకు సాయికృష్ణకు బైకు కొనిచ్చాడు. నాలుగు నెలలకు సాయికృష్ణ ఇల్లెందు రోడ్డు మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. పంచనామా రాస్తున్న పోలీసు బండి ఎన్ని సీసీ అని అడిగాడు. మంగయ్యకు తెలియలేదు. పోలీసు వంగి బండి మీద చదువుకున్నాడు. రెండు వందల ఇరవై.

"గింత పెద్ద ఇంజన్ పిల్లగానికి ఎందుకు కొనిచ్చినవ్ పెద్దాయనా?" అన్నాడు, రాయడం ఆపకుండా.

ఇంటికి వచ్చాక భార్య బతుకమ్మ అదే అడిగింది. రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. అన్నం పెట్టేటప్పుడు అడుగుతుంది, కరెంటు పోయినప్పుడు అడుగుతుంది.

వాళ్లకు మిగిలింది కూతురు నవత. ఇరవై మూడేళ్లు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసింది. ఖమ్మంలోని ఒక ప్రైవేట్ ల్యాబ్‌కు భద్రాచలం అవతల ఊళ్ల నుంచి రక్తం శాంపిళ్లు వెళ్తాయి. అంతవరకు బైకుల మీద వెళ్లేవి. ఎండకు, కుదుపులకు సగం చెడిపోతున్నాయని ల్యాబ్ వాళ్లు పద్ధతి మార్చారు. కారు ఉన్నవాళ్లకే రూటు ఇస్తామన్నారు. ఐస్ డబ్బా వెనక సీట్లో పెట్టుకొని, ఏసీ వేసుకొని, ఉదయం ఏడింటికి దుమ్ముగూడెంలో బయలుదేరాలి. భద్రాచలం, కొత్తగూడెం మీదుగా పదకొండు లోపల ఖమ్మం చేరాలి.

"పదకొండు దాటితే లేటు," అని మేనేజర్ రాజ్యశ్రీ ఏప్రిల్‌లో నవతకు చెప్పింది. "మూడు లేట్లు పడితే రూటు ఇంకొకళ్లకు పోతది. నీకు డ్రైవింగ్ వచ్చా?"

"వచ్చు మేడం."

"కారు ఉందా?"

"కొంటున్నం మేడం."

"కొన్నంక మాట్లాడు. మే ఒకటో తారీకున కారు తెచ్చి నా కండ్ల ముందు ఆపు. నీ వెనక నలుగురున్నరు."

ఆ రూటు వస్తే నెలకు పెట్రోలు పోను పద్దెనిమిది వేలు మిగులుతాయి. మణుగూరులో ల్యాబుల వాళ్లు ఆమెకు ఏడు వేలు ఇస్తామన్నారు. నవతకు ఆ రూటు కావాలి. అంతకు మించి ఆమె అప్పుడు ఏదీ కోరుకోలేదు.

ముందు వైరా వెళ్లారు. రిటైరైన టీచర్ బసవపున్నయ్య కారు అమ్ముతున్నాడు. తొమ్మిదేళ్ల బండి, ఒక్క చేతి మీద తిరిగింది. రిజర్వాయర్ కట్ట మీద నవత నాలుగు కిలోమీటర్లు నడిపి వచ్చింది. ఏసీ వేసినా బండి బరువెక్కలేదు. బసవపున్నయ్య సర్వీసు కాగితాలన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టి ఇచ్చాడు. రెండు లక్షల అరవై వేలు అన్నాడు. మంగయ్య దగ్గర రెండు డెబ్బై ఉన్నాయి.

"సార్, సీసీ ఎంత?" అన్నాడు మంగయ్య.

"పన్నెండు వందలు."

మంగయ్య టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఏమయ్యా," అన్నాడు బసవపున్నయ్య, "కారు కొనడానికొచ్చావా, పిల్ల జాతకం చూడటానికొచ్చావా? ఒక అంకె వినగానే లేచిపోతున్నావు."

బస్టాండుకు నడిచి వచ్చారు. బస్సు కోసం నిలబడ్డాక నవత అంది. "నాయినా, రోజుకు రెండు వందల కిలోమీటర్లు పోను, మల్ల రాను. ఏసీ వేసి చిన్న ఇంజన్ మీద గంత దూరం కొడితే అది ఎన్ని రోజులు ఉంటది?"

"పెద్ద ఇంజన్ ఉంటే కాలు ఆగది."

"నా కాలా?"

"వాని కాలు గూడ నీ కాలు లాంటిదే. ఎనిమిది వందలు. అంతకు ఒక్కటి ఎక్కువున్నా కొనను. రూటు పోతే పోనీ."

ఎనిమిది వందల సీసీ బండి బూర్గంపాడులో దొరికింది. అమ్మేవాడు నాని. కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. పొగాకు, మిర్చి, ఎరువుల దుకాణం. బండికి అయిదేళ్లు. రెండు లక్షల పది వేలు.

మంగయ్య వెంట జంపయ్యను తీసుకెళ్లాడు. జంపయ్య గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు డంపర్లు విప్పి బిగించినవాడు. అక్కడి ఫిట్టర్లు ఇంజన్‌ను చెవితో చూస్తారు. ఇనప కడ్డీ ఒక కొస ఇంజన్ మీద ఆనిస్తారు, రెండో కొస చెవికి పెట్టుకుంటారు. జంపయ్య కడ్డీ ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. నాలుగు చోట్ల పెట్టి విన్నాడు.

"ఇంజన్ మంచిగుంది మంగన్నా. పసిపిల్ల నిద్రపోయినట్టుంది."

తర్వాత కాళ్ల కింది మ్యాటు ఎత్తాడు. కింద బూడిద రంగు దుమ్ము పొరగా ఉంది. వేలితో రాసి చూశాడు. మెత్తగా ఉంది.

"ఏంది?" అన్నాడు మంగయ్య.

"ఏందేంది? బూడిద."

మంగయ్య నవ్వాడు. మణుగూరు దిక్కున మీద పవర్‌హౌస్ బూడిద పడని వస్తువు ఉండదు. బతుకమ్మ అన్నం పెట్టే ముందు కడిగిన కంచం మళ్లీ తుడుస్తుంది. ఆరేసిన బట్టలు దులిపి మడత పెడుతుంది.

"ఈ బండి మా దిక్కు తిరిగిందా?"

"అశ్వాపురం దాకా మాకు పొలాలున్నాయి బాబాయ్ గారూ," అన్నాడు నాని. "తిరక్కుండా ఎలా ఉంటుంది?"

నవత డ్రైవర్ సీటు బెల్టు పట్టుకొని చివరిదాకా లాగింది. కొసన నాలుగు వేళ్ల వెడల్పున గోధుమ రంగు మరక అడ్డంగా ఉంది.

"ఇదేందన్నా?"

"మా అక్క పిల్లలు చెల్లెమ్మా. కూల్‌డ్రింకులు తాగరు, పోస్తారు."

బెల్టు వదిలితే అది లోపలికి నిదానంగా వెళ్లింది.

బూర్గంపాడులో బండి కొనేవాడు చివర ఒక ప్రశ్న అడుగుతాడు. అమ్మేవాడు దాని కోసం ఎదురు చూస్తాడు. నాని ఇంటి గోడ మీద వరద వచ్చిన ఏడాదుల అంకెలు, వాటి పక్కన నీళ్లు నిలిచిన చోట గీతలు ఉన్నాయి. ఒక గీత మంగయ్య తల కన్నా ఎత్తున ఉంది.

"గోదారిల మునిగిందా?" అన్నాడు మంగయ్య.

జవాబు నాని చెప్పలేదు. వరండాలో కుర్చీలో కూర్చున్న అతని తండ్రి జయప్రకాశ్ చెప్పాడు.

"ఏటా ఆగస్టుకి ముందే మా బళ్లన్నీ ఖమ్మం పంపించేస్తాం. మా బావమరిది ఇంట్లో పెట్టి, దసరా ముందు తెచ్చుకుంటాం. భద్రాద్రి రాముడి మీద ఒట్టు. ఈ బండిని గోదారి నీళ్లు చుక్క కూడా తాకలేదు."

బూర్గంపాడు వాడు ఆ ఒట్టు అబద్ధానికి వేయడని మంగయ్య నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు. జయప్రకాశ్ అబద్ధం చెప్పలేదు.

బండి ఇంటికి తెచ్చిన రోజు బతుకమ్మ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. "ఇదన్న చూసి కొన్నవా?" అని మొగుణ్ని అడిగింది.

మే ఒకటిన నవత కారును ల్యాబ్ ముందు ఆపింది. రాజ్యశ్రీ బయటికి వచ్చి చూసింది.

"ఇదా? దీంట్ల డబ్బా పెట్టంగ నువ్వు ఎక్కడ కూసుంటవ్?"

రూటు ఇచ్చింది.

పద్దెనిమిది రోజులు బండి ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. పంతొమ్మిదో రోజు పాల్వంచ దాటాక వేడి ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్లింది. నవత బండి ఆపి బానెట్ ఎత్తింది. రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు. ఇంజన్ చల్లారేదాకా ఆగి, నీళ్లు పోసి, ఏసీ ఆపేసి నడిపింది. ఖమ్మం చేరేసరికి పదకొండు ముప్పై అయిదు. రాజ్యశ్రీ గోడ మీద చార్టులో ఒక అడ్డ గీత గీసింది.

జంపయ్య సాయంత్రం వచ్చి కడ్డీ పెట్టి విన్నాడు. "ఇంజన్‌కేం కాలే. బూడిద పట్టి ఉంటది. తీగలు నాకు తెల్వయి బిడ్డా. మా షాపుల కరెంటోళ్లు వేరే."

జూన్‌లో వానలు వచ్చాయి. పదకొండో తేదీన భద్రాచలం బ్రిడ్జి మీద వైపర్లు ఆగిపోయాయి. నవత తల బయటికి పెట్టి సారపాక దాకా నడిపింది. అక్కడ టీ తాగుదామని ఆపితే బండి మళ్లీ స్టార్ట్ కాలేదు. ఆటో ఎలక్ట్రీషియన్ వెంకటప్పయ్య షాపు దగ్గరే ఉంది. అతను వచ్చి రెండు తీగలు కలిపి స్టార్ట్ చేసి పంపాడు. "దీని లోపల చూడాలె. వచ్చేటప్పుడు ఆగు," అన్నాడు.

ఖమ్మంలో పన్నెండు పది అయింది. డబ్బాలో ఐసు నీళ్లయింది.

రాజ్యశ్రీ రెండో గీత గీసింది. తర్వాత పద్నాలుగు శాంపిళ్లు చెత్త డబ్బాలో వేయించింది. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాగితం నవత ముందు పెట్టింది.

"నేను చెయ్యను. నువ్వు చెయ్. ఒక్కొక్కళ్లకు చెప్పు, నా వల్ల మీ రక్తం పారబోసినం, రేపు మల్ల వచ్చి ఇయ్యుండ్రి అని. స్పీకర్ పెట్టు. నేను వింట."

నవత పద్నాలుగు ఫోన్లు చేసింది. ఒక ముసలాయన తిట్టాడు. ఒకామె చార్జీలు ఎవరిస్తారని అడిగింది. తొమ్మిదో నంబరు దుమ్ముగూడెం అవతల అడవిలో ఉండే దూలయ్యది. అతని కూతురుకు పదకొండేళ్లు. ఆ పిల్లకు పదిహేను రోజులకోసారి రక్తం చూడాలని డాక్టర్ చెప్పాడు.

"మల్ల సూదా?" అన్నాడు దూలయ్య. "సరే తియ్ చెల్లె. బండి ఆగిపోతే నువ్వేం జేస్తవ్? రేపు తీస్కొస్త."

స్పీకర్లో విన్న రాజ్యశ్రీ అంది. "వీళ్లు మంచోళ్లు కాబట్టి బతికిపోతున్నవ్. ఇంకొక్కటే ఉంది నీకు."

వెనక్కి వస్తూ నవత సారపాకలో ఆగింది. వెంకటప్పయ్య డ్యాష్‌బోర్డు విప్పాడు. ఫ్యూజుల పెట్టె బయటికి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పిన్నులన్నిటికీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. సందుల్లో మట్టి గట్టిపడి ఉంది.

"బూడిదేమో," అంది నవత.

వెంకటప్పయ్య ఆ మట్టి మీద ఉమ్మి వేలితో నలిపాడు. అది బంకగా సాగింది. అందులోంచి ఒక గడ్డిపరక వచ్చింది.

"బూడిదల గడ్డి మొలుస్తదా అమ్మా? ఇది ఒండ్రు. బండి మునిగింది. స్టీరింగ్ కాడికి వచ్చినయి నీళ్లు."

"గోదారి తాకలేదని ఒట్టేసిండ్రు. వానాకాలం ఖమ్మంల పెట్టిండ్రట."

వెంకటప్పయ్య పని ఆపి ఆమె ముఖం చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వు ఆపుకోవడానికి అతనికి కొంత సమయం పట్టింది.

"పోయిన సెప్టెంబర్ల ఖమ్మంల మున్నేరు ఇండ్ల మీదికి రాలే? ఒకటో తారీకు. డాబాల మీద జనాలు నిలబడ్డది టీవీల జూడలే? గోదారికి భయపడి తీస్కపోయి మున్నేట్ల ముంచిండ్రు. లోకంల గిట్ల ఎవలన్న చేస్తరా!" మళ్లీ నవ్వాడు. "ఇన్సూరెన్స్ కాయితాలు చూసినవా?"

"చూడలే."

"ఏం జూసిండ్రు మరి?"

నవత ఫ్యూజుల పెట్టె తిరిగి ఇచ్చేసింది. సీసీ చూశారు.

"ఇప్పుడు ఫ్యాను రిలే మారుస్త, పిన్నులు గీకుత. నెల నడుస్తది, నెలన్నర నడుస్తది. తర్వాత ఏది పోతదో రాముడికి తెల్వాలె. వైరింగ్ మొత్తం మారిస్తే బండి ధరల సగం అయితది."

మరునాడు ఆదివారం కాకపోయినా మంగయ్య నవతను తీసుకొని బూర్గంపాడు వెళ్లాడు, ఆమె ఖమ్మం నుంచి తిరిగి వచ్చాక. జయప్రకాశ్ అదే కుర్చీలో ఉన్నాడు. మంగయ్య ఫ్యూజుల పెట్టెలో నుంచి తీసిన మట్టిని కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. విప్పి చూపించాడు.

"నువ్వు రాముని మీద ఒట్టేసినవ్."

"వేశాను. తప్పలేదు," అన్నాడు జయప్రకాశ్. "నువ్వు గోదారి అడిగావు. గోదారి తాకలేదన్నాను. మున్నేరు అడిగుంటే మున్నేరు చెప్పేవాణ్ని. దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పే వంశం కాదు మాది."

"నా బిడ్డ పని పోతదయ్యా."

నాని లోపలి నుంచి వచ్చాడు. "బాబాయ్ గారూ, అయిదేళ్ల బండి రెండు పదికి ఎవరిస్తారండి? మీకు తెలియదా? మెకానిక్‌ని తెచ్చుకున్నారు. చెవికి కడ్డీ పెట్టి విన్నారు. మేం ఆపామా?"

"బెల్టు మరక అడిగితే కూల్‌డ్రింక్ అన్నవ్," అంది నవత.

"పిల్లలు పోశారు కూడా చెల్లెమ్మా. దేనికది."

జయప్రకాశ్ మట్టి పొట్లం మడిచి మంగయ్య చేతిలో పెట్టాడు.

"నిజం చెప్పనా? ఆ బండిని ఆరు నెలలు ఎవరూ అడగలేదు. ఎనిమిది వందల సీసీనే కావాలి, పెద్దది వద్దని వెతుక్కుంటూ వచ్చింది నువ్వొక్కడివే. అలాంటివాడు వస్తాడని మేమూ అనుకోలేదు."

ఆ రాత్రి మంగయ్య తినలేదు. బతుకమ్మ కంచం తీస్తూ అంది. "ఒకనికి ఎక్కువ సీసీ కొనిచ్చినవ్. ఇంకొకదానికి తక్కువ సీసీ కొనిచ్చినవ్. నీకు లెక్క ఎప్పుడు కుదురుద్ది?"

మంగయ్య అప్పటికే వైరాకు ఫోన్ చేశాడు. బసవపున్నయ్య బండి ఇంకా ఉంది. ఈ బండి అమ్మితే తప్ప దాన్ని కొనే దారి లేదు.

కొనేవాణ్ని నవత వెతకలేదు. రెండు వారాల తర్వాత దుమ్ముగూడెం సెంటర్లో దూలయ్యే అడిగాడు. పక్కన అతని కూతురు మోచేతికి దూది అదిమి పట్టుకొని కూర్చుంది.

"బండి అమ్ముతున్నవంట గద చెల్లె."

"ఎవరు చెప్పిండ్రన్నా?"

"మీ నాయిన మణుగూరు సంతల అందరికీ చెప్తుండట. మా గుంపుల ఏ ఇంట్లనూ బండి లేదు. కడుపుతోటి ఉన్నోళ్లను మంచం మీద మోస్తున్నం. కిరాయికి తిప్పుకుంట, మా బిడ్డను గూడ తిప్పుకోవచ్చు. చిన్న బండే మంచిది. పెట్రోలు తక్కువ తాగుద్ది."

"చూసి చెప్పన్నా," అంది నవత. ఐస్ డబ్బా మూత బిగించింది.

దూలయ్య ఆదివారం వస్తానన్నాడు. శనివారం బతుకమ్మ సీటు బెల్టు చివరిదాకా లాగి, బట్టల క్లిప్పుతో బిగించి, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో గంటసేపు రుద్దింది. మరక పోయింది. నవత గుమ్మంలో నిలబడి చూసింది.

"అడిగితే ఏం చెప్పాలె నాయినా?" అంది.

"అడిగినదానికే చెప్పు," అన్నాడు మంగయ్య. "అడగంది చెప్పకు."

"అమ్మా?"

"ఆయిన నీకు చుట్టమా?" అంది బతుకమ్మ, బెల్టు పిండుతూ. "మనకు ఎవడన్న చెప్పిండా?"

దూలయ్య జాగ్రత్తగల మనిషి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి కింద చూశాడు. హారన్ కొట్టాడు, లైట్లు వేశాడు, వైపర్లు తిప్పాడు. వెంకటప్పయ్య పిన్నులు గీకి మూడు వారాలే అయింది, అన్నీ పనిచేశాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాడు. మ్యాటు ఎత్తాడు.

"ఇదేందే?"

"బూడిద," అన్నాడు మంగయ్య. "మా దిక్కు అన్నిట్ల ఉంటది. అన్నంల గూడ."

దూలయ్య నవ్వాడు. చేతులు దులుపుకున్నాడు. నవత దిక్కు తిరిగాడు.

"గోదారిల మునిగిందా చెల్లె?"

మంగయ్య నేల చూశాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

"గోదారి నీళ్లు తాకలే అన్నా."

"ఒట్టు?"

"ఒట్టు."

"సాలు. నీ చేతి మీదనే గద మా బిడ్డ రక్తం పోతది."

లక్షా డెబ్బై వేలు ఇచ్చాడు. తునికాకు డబ్బులు, రెండు ఎద్దులు అమ్మిన డబ్బులు అని చెప్పాడు. ఎవరూ అడగలేదు. బతుకమ్మ టీ ఇచ్చింది. గ్లాసు తుడిచి ఇచ్చింది. దూలయ్య బండి తిప్పుకొని వెళ్లేదాకా నవత లోపలికి వెళ్లలేదు.

తక్కువ పడ్డ డబ్బుకు బతుకమ్మ చెవి కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది. వైరాలో బసవపున్నయ్య తాళాలు ఇస్తూ మంగయ్యను చూశాడు.

"ఏమయ్యా, మూడు నెలలు ఆగావు. అయినా సీసీ తగ్గలేదు చూడు. పన్నెండు వందలే ఉంది."

మంగయ్య తాళాలు తీసుకున్నాడు. ఇంటికి వచ్చాక కూతురికి ఒక షరతు పెట్టాడు. అరవై దాటకూడదు. రోజూ ఖమ్మం చేరగానే ఫోన్ చేసి చెప్పాలి.

జూలై అంతా నవత పదిన్నర నుంచి పదీముప్పావు మధ్య చేరింది. చార్టులో ఆమె పేరు ముందు రెండు గీతలే ఉన్నాయి. దూలయ్య బండి ఎలా ఉందని ఆమె అడగలేదు. కూతురు రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు అతనే "మంచిగుంది చెల్లె" అన్నాడు.

ఆగస్టు ఏడున దుమ్ముగూడెంలో సెంటర్ అమ్మాయి శాంపిళ్లు అప్పగిస్తూ, "దూలయ్య ఆరున్నరకే వచ్చి ఇచ్చిపోయిండు, కొత్తగూడెం కిరాయి ఉందట," అంది. నవత గొట్టాల మీది పేర్లు చూసి డబ్బాలో పెట్టింది.

సారపాక దాటాక పాల్వంచ వైపు అడవి మొదలవుతుంది. వాన ఆగింది. ఎనిమిదీ ఇరవైకి, రోడ్డు ఎక్కుడు మొదలైన చోట, ఎనిమిది వందల సీసీ బండి బానెట్ తెరిచి ఆగి ఉంది. ఒక ముసలామె, ఒక గర్భిణి, ఆమె మొగుడు రాళ్ల మీద కూర్చున్నారు. గర్భిణి కళ్లు మూసుకొని ఉంది. దూలయ్య బండికి ఆనుకొని నిలబడ్డాడు.

నవత వేగం తగ్గించింది. ఆపింది. అద్దం దించింది.

"ఏమైంది అన్నా?"

దూలయ్య బండి వదిలి నడిచాడు. దగ్గరికి వచ్చి కిటికీ మీద చెయ్యి పెట్టాడు. చేతికి పచ్చ చిలుము అంటి ఉంది.

"పోయిన వారం గూడ ఆగింది. సారపాకల వెంకటప్పయ్యకు చూపిచ్చిన."

నవత స్టీరింగ్ పట్టుకొని కూర్చుంది.

"బండి చూడంగనే గుర్తుపట్టిండు. ఆ పిల్లకు అంతా చెప్పిన, మున్నేట్ల మునిగిందని చెప్పిన అన్నడు."

"అన్నా..."

"నేను గోదారే అడిగిన," అన్నాడు దూలయ్య. "నాకు తెల్సింది అదే గద."

గర్భిణి మొగుడు లేచి వచ్చాడు. "అక్కా, ఈమెను కొత్తగూడెం దాకా ఎక్కించుకుంటవా?"

నవత వెనక సీటు చూసింది. డబ్బా సీటు మొత్తం ఆక్రమించి, బెల్టుతో బిగించి ఉంది. ముందు సీటు ఖాళీగా ఉంది. శాంపిళ్ల బండిలో మనుషులను ఎక్కించకూడదని రాజ్యశ్రీ నియమం. ఆస్పత్రి దగ్గర దించి వెళ్లాలంటే కొత్తగూడెంలో అరగంట పోతుంది. మూడో గీతకు అంతే చాలు.

"శాంపిళ్లున్నయి," అంది.

ఆ మనిషి ఇంకేదో అనబోయాడు. దూలయ్య అతని భుజం పట్టుకొని వెనక్కి జరిపాడు. అది నవత మీద దయతో కాదు. ఆమె ముఖం అతను చూడలేదు. వెనక సీట్లోని డబ్బాను చూస్తున్నాడు.

"పోనీ," అన్నాడు. "దాంట్ల మా బిడ్డది గూడ ఉంది. మల్ల సూది గుచ్చనియ్య. పో నువ్వు. ఆగకు."

కిటికీ మీద నుంచి చెయ్యి తీశాడు. నవత అద్దం ఎత్తింది. ఇంజన్ బరువెక్కకుండానే బండి ఎక్కుడు ఎక్కింది. అద్దంలో తెరిచిన బానెట్ కనిపించకుండా పోయేసరికి ముల్లు డెబ్బై మీద ఉంది. పాల్వంచ వచ్చేసరికి తొంభై అయిదు మీద ఉంది.

పదీ నలభై రెండుకు డబ్బా ల్యాబ్ కౌంటర్ మీద పెట్టింది. రాజ్యశ్రీ గడియారం చూసింది, చార్టు చూసింది, పెన్ను తీయలేదు. నవత బయటికి వచ్చి మెట్ల మీద కూర్చొని మంగయ్యకు ఫోన్ చేసింది.

"చేరినవా బిడ్డా?"

"అవ్."

"అరవై దాటలేదు గద?"

"దాటలే నాయినా."

"ఒట్టు?"

"ఒట్టు," అంది.